మైకు అద్దెకిచ్చినవాడు

పాలు పొంగి పొయ్యి మీద పడుతున్నా ఆమె చూసుకోలేదు. భర్త అన్న మాటే చెవుల్లో తిరుగుతోంది.

"ఇవాళ వెరిఫికేషన్‌కి పోలీసాయన వస్తాడు. మీ తమ్ముణ్ణి సాయంత్రం దాకా ఎటైనా వెళ్ళమను. నీ నోటితో నువ్వే చెప్పు. నేను చెబితే బావుండదు."

కూతురికి ప్రభుత్వంలో ఇంజనీరు ఉద్యోగం వచ్చింది. పోలీసులు ఇంటికొచ్చి విచారించి పంపే ఒక్క కాగితమే మిగిలింది. అది వస్తే చాలు, అమ్మాయి గట్టెక్కినట్టే.

తమ్ముణ్ణి వీధిలో అందరూ 'మైకు' అనే పిలిచేవాళ్ళు. పెళ్ళిళ్ళకీ సభలకీ మైకు సెట్లు అద్దెకిచ్చేవాడు. అక్కని చూడ్డానికొస్తే గుమ్మంలో నిలబడి, "హలో, హలో, అక్కగారు ఎక్కడున్నా వెంటనే వంటింట్లోకి రావలెను" అని నాలుగిళ్ళకి వినబడేలా అరిచేవాడు. మందుల ఫ్యాక్టరీ మురుగు బావుల్లోకి వదులుతోందని జనం సభ పెట్టుకుంటే, అందరికీ ఇచ్చినట్టే వాళ్ళకీ ఇచ్చాడు. మాట్లాడినవాళ్ళతోపాటు మైకు ఇచ్చినవాణ్ణీ పట్టుకెళ్ళారు. కుట్ర కేసన్నారు. బెయిలు దొరకని చట్టమన్నారు. నాలుగేళ్ళు లోపల కుక్కి, చివరికి ఇతని మీద సాక్ష్యమే లేదని వదిలేశారు. బయటికొచ్చేసరికి కొట్టు లేదు. పుట్టింటికెళ్ళిన భార్య తిరిగి రానంది. అప్పట్నుంచీ అక్క ఇంట్లో వెనక గదిలో ఉంటూ మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేస్తున్నాడు. ఏదైనా అడిగితే రెండోసారి అడిగి వినాల్సినంత మెల్లిగా జవాబిస్తాడు.

ఆమె టీ గ్లాసుతో ఆ గదిలోకి వెళ్ళేసరికి అతను అప్పటికే చొక్కా వేసుకుంటున్నాడు.

"బస్టాండులో కూర్చుంటాలే అక్కా."

"నేనింకా ఏమీ అనలేదుగదరా!"

"బావ గొంతు చిన్నదేం కాదుగా." నవ్వబోయి మానేశాడు.

కూతురు గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడింది. "మావయ్య ఎక్కడికీ వెళ్ళడు. కోర్టే తప్పులేదని చెప్పాక మనం దాచడమేంటి?"

హాల్లోంచి తండ్రి విసురుగా లేచొచ్చాడు. "కోర్టు చెప్పింది సరే. ఊరు ఒప్పుకుందా? పక్కింటివాళ్ళు మనింటికొచ్చి ఎన్నాళ్ళైంది? నువ్వు రాత్రింబవళ్ళు చదివింది ఇందుకేనా?"

"ఇలా తెచ్చుకునే ఉద్యోగం నాకొద్దు."

"వద్దనడం తేలిక. రేపు ఇంట్లో కూర్చుని ఏడిస్తే చూడాల్సింది నేను!"

"బంగారుతల్లీ, జరుగమ్మా," అన్నాడు మావయ్య. మేనకోడలి తల నిమిరి, టీ తాగకుండానే పెరటి తలుపులోంచి వెళ్ళిపోయాడు.

పోలీసాయన మధ్యాహ్నం వచ్చాడు. మర్యాదస్తుడే. చెప్పులు బయట విడిచి, మంచినీళ్ళు అడిగి తాగాడు. అమ్మాయి చదువు విని మెచ్చుకున్నాడు.

"ఇంట్లో ఎంతమంది?"

"ముగ్గురమేనండీ," అన్నాడు భర్త.

"మీకు బావమరిది ఉండాలే?"

"ఉన్నాడు. మాకూ అతనికీ రాకపోకల్లేవు."

ఆయన ఆమె వైపు తిరిగాడు. "మీరు చెప్పండమ్మా. తోడబుట్టినవాడు కదా, వస్తుంటాడా?"

ఆమె భర్త వైపు చూసింది. భర్త కళ్ళల్లో బెదురు. పక్కన కూతురు. "నా మటుకు నాకు తమ్ముడు లేడండీ," అంది. ఆ మాట తన గొంతులోంచే వచ్చిందంటే నమ్మబుద్ధి కాలేదు.

అప్పుడే పెరటి తలుపు చప్పుడైంది. తమ్ముడు వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చొక్కా జేబు చిరిగి వేలాడుతోంది. అక్క అన్నది అతను విన్నాడు. ఆమె మొహం చూశాడు, కుర్చీలో ఉన్న పోలీసాయన్నీ చూశాడు. చేతులు కట్టుకున్నాడు.

"అమ్మగారూ, మీ మిక్సీ బాగుచెయ్యడం అయిపోయిందండీ. డబ్బులు తర్వాతిద్దురుగాని, నేను వెళ్ళొస్తా," అన్నాడు.

వెనక్కి తిరిగిన ఆ వీపు చూసేసరికి ఆమె తట్టుకోలేకపోయింది. పరుగున వెళ్ళి చెయ్యి పట్టుకుంది.

"వీడు నా తమ్ముడండీ! నా ఒళ్ళో పెరిగాడు. ఇక్కడే ఉంటున్నాడు. నేను అబద్ధం చెప్పాను."

పోలీసాయన తాపీగా పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాడు. "తెలుసమ్మా. ఇతని ఫోటో మా స్టేషన్ గోడ మీద ఇంకా ఉంది. కేసు పోయినా ఫోటో తియ్యమని మాకెవరూ చెప్పలేదు." చెప్పులు తొడుక్కుంటూ మరో మాటన్నాడు. "నేను ఉన్నదే రాస్తాను. ఉన్నది మీ అమ్మాయికి మంచిది కాదు."

తర్వాత తెలిసింది, బస్టాండులో డ్యూటీ కానిస్టేబులు మొహం గుర్తుపట్టి, ఇక్కడ నీకేం పనని కాలరు పట్టుకుని గెంటేశాడట. అందుకే అతను తిరిగొచ్చాడు.

ఉద్యోగం రాలేదు. 'కుటుంబ నేపథ్యం దృష్ట్యా' అని ఒక్క ముక్క రాసి పంపారు. ఆ రోజు తమ్ముడు బట్టలు సంచీలో సర్దుకుంటుంటే బావ వచ్చి సంచీ లాక్కున్నాడు.

"ఎక్కడికి? నిన్ను దాచినా వాళ్ళకి తెలుసు. ఇంక నువ్వెళ్ళి ఎవర్ని ఉద్ధరించాలి? పద, అన్నం తిందాం." కోపంగానే అన్నాడు. కానీ సంచీ మాత్రం తిరిగివ్వలేదు.

"నేను కోర్టుకెళ్తా మావయ్యా," అంది కూతురు.

"తీర్పొచ్చేసరికి నీ జుట్టు నెరుస్తుందే!" అన్నాడు తండ్రి.

"నెరవనీ."

అందరూ తిన్నాక అక్క గిన్నెలు తోముతోంది. అతను పక్కన నిలబడి తుడిచి పెడుతున్నాడు. ఆమె చేతిలో గిన్నె ఆగిపోయింది.

"ఆ మాట నా నోట ఎలా వచ్చిందిరా? తమ్ముడు లేడని ఎలా అనగలిగాను?"

అతను గుడ్డ భుజాన వేసుకున్నాడు. "వాళ్ళు అడిగితే అలాగే వస్తుందక్కా. లోపల నేనూ అన్నాను. చెయ్యనివన్నీ చేశానని ఒప్పుకున్నాను. ఇందులో నువ్వూ ఉన్నావని చెప్పమంటే నీ పేరు కూడా చెప్పాను."

ఇన్నాళ్ళూ వాడు గొంతు పెగలక ఎందుకు తిరిగాడో ఆమెకి అప్పుడు తెలిసింది. తడిచేతులతోనే తమ్ముడి తల దగ్గరికి లాక్కుని భోరుమంది. అతను ఏడవలేదు. నీళ్ళు వృథాగా పోతున్నాయని చెయ్యి చాపి కుళాయి కట్టేశాడు.