ఆపరేషన్ P0016

"బండి పొద్దున్నే మొరాయిస్తోందండి."

"చలికి దానికీ బద్ధకమేనండి. లోపలికి తీసుకురండి."

కోడ్ మాటలు కలిశాయి. తెనాలిలోని ఆ గ్యారేజీలో కారు కింద నుంచి బయటికొచ్చిన మెకానిక్ చేతులకి గ్రీజు ఉంది, నడుముకి పిస్టల్ ఉంది. పేరు అజయ్ బాబు, సీక్రెట్ ఏజెంట్. ఎదురుగా పంచెకట్టుతో, తలపాగాతో నిలబడ్డది అతని చీఫ్ కృపారావు. ఆ వేషంలో చూస్తే సొంత భార్య కూడా ఆయన్ని ధాన్యం రేటే అడిగేది.

"డాక్టర్ చంద్రశేఖరం. మన తీరానికి కొత్త రాడార్ తయారు చేసిన సైంటిస్టు. రేపల్లెలో దాచాం. రేపు పొద్దున్న బాపట్ల చేర్చు. అక్కడ హెలికాప్టర్ ఉంటుంది."

"అడ్డం?"

"విదేశీ ముఠా. ఆయన్ని ప్రాణాలతో పట్టుకుని సముద్రం దాటించాలని చూస్తోంది. రూటు ఎన్నిసార్లు మార్చినా వాళ్ళకి తెలిసిపోతోంది. లోపల ఎవరో చెబుతున్నారు."

"టీమ్?"

"నువ్వు డ్రైవర్‌వి. నీరజ ఆయన కూతురు వేషంలో వస్తుంది." కృపారావు ఓరగా చూశాడు. "పెళ్లికి ఇంకా నెల ఉందోయ్. అద్దంలో పిల్లని కాదు, రోడ్డు చూసి నడుపు."

అజయ్ సిగ్గుపడ్డాడు. ఏజెంట్ నీరజ నాలుగు భాషల్లో అబద్ధం ఆడగలదు. ఏ పార్టీలో అడుగుపెట్టినా శత్రువుల తలలు తిరిగేవి, వాళ్ళ సూట్‌కేసులు మాయమయ్యేవి. అలాంటి మనిషి తనని ఎందుకు ఒప్పుకుందో అజయ్‌కి ఇప్పటికీ అర్థం కాదు. అడగాలంటే భయం. ఆమెని అంత పిచ్చిగా ప్రేమించాడు.

మర్నాడు ఉదయం రేపల్లె సేఫ్ హౌస్ ముందు కారు సిద్ధంగా ఉంది. కిందటి సాయంత్రం నీరజే దాన్ని తీసుకెళ్లి, వీధి చివర బంకులో పెట్రోలు కొట్టించి తెచ్చింది.

బయల్దేరే ముందు, ఇంజన్‌లో లోపాలు చూపించే స్కానర్ పెట్టి చూడటం అజయ్‌కి అలవాటు. స్టీరింగు కింద సాకెట్‌లో దూర్చాడు. ఫాల్ట్ కోడ్స్ ఏవీ లేవు. మామూలు మెకానిక్ అయితే అక్కడితో ఆపి టీకి పోయేవాడు. అజయ్ ఇంకో పేజీ తెరిచాడు. ఇంజన్ కంప్యూటర్ కొన్ని తప్పుల్ని ఆ పేజీలో విడిగా దాచుకుంటుంది. స్కానర్‌తో చెరిపినా అవి వెంటనే పోవు.

P0016.

ఇంజన్‌లో కింద క్రాంక్ షాఫ్ట్, పైన క్యామ్ షాఫ్ట్. ఒకే చైన్‌కి కట్టిన ఆ రెండూ పొందిగ్గా తిరగాలి. వాటి టైమింగ్ కలవడం లేదని కంప్యూటర్‌కి అనిపిస్తే వచ్చే కోడ్ అది. బండి నడిరోడ్డు మీద ఆగిపోవచ్చు. నిన్న తెనాలిలో లేని కోడ్ ఎలా వచ్చింది? వస్తే వచ్చింది, మొదటి పేజీలోంచి చెరిపిందెవరు?

బ్యాటరీ వైరు పీకినా మొదటి పేజీ చెరిగిపోతుంది. కానీ అప్పుడు డాష్‌బోర్డు గడియారం కూడా తప్పాలి. అది సరైన టైమే చూపిస్తోంది. అంటే స్కానర్‌తోనే చెరిపారు. ఈ బండి దగ్గరికి స్కానర్‌తో రాగలిగేది ఇద్దరే. ఒకరు తను. రెండోవాళ్ళకి స్కానర్ కొనిచ్చింది, చెయ్యి పట్టుకుని నేర్పించిందీ కూడా తనే.

చివరి లైను చూశాడు. కోడ్ చెరిపాక బండి నడిచిన దూరం పదకొండు కిలోమీటర్లు. బంకేమో వీధి చివరే. పదకొండు కిలోమీటర్ల అవతల ఉన్నది చెరుకుపల్లి దారిలో, ఇవాళ తాము దాటాల్సిన కాలువ వంతెన. నీరజ అక్కడిదాకా వెళ్లి, బండి ఆగుతుందో లేదో పరీక్షించి, కోడ్ చెరిపేసి తిరిగొచ్చింది.

బానెట్ ఎత్తాడు. క్యామ్ సెన్సర్‌కీ దాని వైరుకీ మధ్య బొటనవేలంత నల్ల డబ్బా. రిమోట్ నొక్కితే సెన్సర్ సిగ్నల్ తప్పుగా వెళ్తుంది, ఇంజన్ చచ్చిపోతుంది. దాన్ని ఊడదీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. వైరు మళ్ళీ కలిపాడు.

"వంతెన దగ్గర కాపు కాశారు. మనవాళ్ళని పంపండి" అని చీఫ్‌కి మెసేజ్ పెట్టాడు. నీరజ పేరు టైప్ చేశాడు, తీసేశాడు. అరుగు మీదున్న ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసి బుల్లెట్లు మాత్రం ఖాళీ చేసి మళ్ళీ అక్కడే పెట్టాడు, పక్కనున్న రిమోట్‌ని ముట్టుకోలేదు. ఎంత ప్రేమున్నా ఉద్యోగం ఉద్యోగమే.

ఆమె నొక్కకపోతే చాలు. నొక్కకపోతే ఈ సంగతి చచ్చేదాకా ఎవరికీ చెప్పను. గూఢచారి అన్నవాడు అలా అనుకోకూడదు. అజయ్ అనుకున్నాడు.

కారు కదిలింది. వెనక సీట్లో డాక్టర్ చంద్రశేఖరం, పక్కన నేత చీరలో నీరజ. ఊరు దాటగానే ఆమె ఫోన్ మోగింది. వాళ్ళమ్మ అచ్చమ్మ. ఇద్దరూ ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తున్నారని ఆవిడ నమ్మకం.

"ఏమ్మా, అజయ్ బాబుకి సూటు నల్లది తీసుకోమంటావా, నీలమా?"

"నీలం తీస్కోమ్మా. నీలం బాగుంటుంది తనకి." నీరజ అద్దంలోంచి అతన్ని చూసి నవ్వింది.

నొక్కదు, అనుకున్నాడు అజయ్. సూటు రంగు చెప్పిన మనిషి ఎలా నొక్కుతుంది?

వంతెన కనిపించింది. ఇవతల రోడ్డుకి సగం అడ్డంగా ధాన్యం లారీ. చుట్టూ ఉన్న కూలీల కాళ్ళకి బూట్లున్నాయి. నీరజ ఫోన్ బ్యాగులో పెట్టింది. చెయ్యి బయటికి తీయలేదు.

అజయ్ గుండె మీద, చొక్కా జేబులో, డబ్బా టిక్కుమంది.

ఒక్క క్షణం ఆగి మళ్ళీ టిక్కుమంది. ఆమె ఇంకా గట్టిగా నొక్కుతోంది.

అజయ్ యాక్సిలరేటర్ తొక్కాడు. లారీకీ రెయిలింగుకీ మధ్య వెంట్రుకవాసి సందులోంచి కారు దూసుకుపోయింది. వెనక పొలంలో వరి కోత వేషంలో ఉన్న చీఫ్ మనుషులు కొడవళ్ళు పారేసి తుపాకులతో గట్టు మీదికి ఎక్కారు.

"పిస్టల్ తియ్యకు నీరజా. ఖాళీది." అజయ్ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

నీరజ చెయ్యి ఆగింది. "ఎప్పుడు తెలిసింది?"

"రేపల్లెలోనే."

"మరి నన్నెందుకు ఎక్కనిచ్చావ్?"

"నువ్వు నొక్కవేమోనని."

డాక్టరు గారు తలుపుకి అతుక్కుపోయి కూర్చున్నారు.

"వాళ్ళకి ఎప్పటినుంచి పనిచేస్తున్నావ్?"

"నువ్వు పరిచయం కాకముందు నుంచీ." నీరజ కిటికీ వైపు తిరిగింది. "నిన్ను ప్రేమించడం ప్లాన్‌లో లేదు అజయ్. అదొక్కటే అబద్ధం కాదు."

అది ఏ భాషలో చెప్పినా అబద్ధమేనని అతనికి తెలుసు. అయినా నమ్మాలనిపించింది. స్టీరింగు మీద పడుతున్న కన్నీళ్ళు మోచేత్తో తుడుచుకుని పిట్టలవానిపాలెం దాటించాడు.

బాపట్లలో హెలికాప్టర్ డాక్టరు గారిని ఎక్కించుకుని లేచింది. నీరజని జీపులో తీసుకెళ్లారు. ఆమె వెనక్కి చూసింది. అజయ్ చూడలేకపోయాడు.

"శభాష్" అన్నాడు కృపారావు, ఆయన గొంతులోనూ ఉత్సాహం లేదు. "ఇంకో పనుందోయ్. రేపల్లెలో అచ్చమ్మగారికి ఎవరో ఒకరు వెళ్లి చెప్పాలి."

"నావల్ల కాదు సార్. తుపాకుల ముందుకైతే పంపండి, పోతా. ఆవిడ ముందుకి మాత్రం ఇంకెవరినైనా పంపండి."

కృపారావు తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు.

"డిపార్ట్‌మెంట్‌లో అందర్నీ అడిగానోయ్. అంత ధైర్యం ఎవరికీ లేదట."