ఇంకొకాయన వస్తానన్నారు

ఆ శనివారం గ్లెనిస్ దిగింది ఎన్నో యార్డులోనో ఆమెకే లెక్క లేదు. ఆస్ట్రేలియాలో టూవూంబా ఊరి చివర, పెద్ద రోడ్డు పక్కన, వాడిన కారవాన్లు అమ్మే చోటు. చలికాలపు సాయంత్రం. కారుకి తగిలించుకుని తిరిగే ఆ తెల్లటి చక్రాల ఇళ్ళన్నీ వరసగా నిలబడి, ఎవరొచ్చి తీసుకెళతారా అని ఎదురుచూస్తున్నట్టున్నాయి.

పక్కన భర్త ఆల్విన్. మొదట్నించీ నెమ్మదైన మనిషి, ఇప్పుడు మరీ నెమ్మది. ఏడాదిగా ఆయన జ్ఞాపకం అంచుల నుంచి కరిగిపోతోంది. అది పూర్తిగా పోయేలోగా పడమటి సముద్రం దాకా తీసుకెళ్ళాలని ఆమె ఆశ. పెళ్ళయిన కొత్తలోనే వెళదామనుకున్నారు. పిల్లలూ, గొర్రెలూ, కరువులూ అడ్డం వచ్చాయి. రోజూ ప్రార్థనలో ఆమె అడిగేది ఆ ఒక్కటే. ప్రభువా, ఆయన నన్ను గుర్తుపట్టి గ్లెన్ అని పిలుస్తుండగానే ఆ నీళ్ళు చూపించు.

"మీకోసమే ఆగినట్టుందమ్మా ఇది," అంటూ అమ్మకం కుర్రాడు బ్రెంటన్ తాళాలు తెచ్చి ఆల్విన్ చేతిలో పెట్టాడు. "పట్టుకో పెద్దాయనా! నీ చేతికి ఎంత బాగా అమిరాయో చూడు."

"తాళాలు చూసి బండి కొంటారటోయ్ ఎవరైనా?" అంది గ్లెనిస్.

"మీతో నెగ్గలేనమ్మా!"

లోపల హీటరు ముందే వేసి ఉంచాడు. చిన్న పొయ్యిలోంచి వెనిల్లా వాసన. ఆమెకి నవ్వొచ్చింది. కిందటి వారం వేరే యార్డులోనూ ఇదే వాసన, ఇల్లనిపించడానికి. ఆ తీపి అడుగున ఇంకేదో ఉంది. కిటికీ కింద చెక్కని బొటనవేలితో నొక్కింది. మెత్తగా లోపలికి దిగింది.

"ఇక్కడ నానింది, నాయనా."

"అదా! పాత బండన్నాక ఆమాత్రం ఉండదా? అయినా ఆలోచించుకునే వ్యవధి లేదమ్మా. ఇంకొకాయన చీకటి పడేలోగా వస్తానన్నారు, దీనికోసమే."

"ప్రతి యార్డులోనూ ఒక ఇంకొకాయన ఉంటాడు. మీవాడు ఎలా ఉంటాడేమిటి?"

బ్రెంటన్ తడుముకోలేదు. "పొడుగు మనిషి. నీలం వానకోటు. భార్య పోయింది పాపం. ఈ బండి చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు."

"కథలు బాగానే అల్లుతావు."

"ఉండండి, మా బాసుని అడిగి ధర కాస్త తగ్గిస్తా. మీ ఇల్లే అనుకుని కూర్చోండి." తలుపు చేరవేసి వెళ్ళిపోయాడు.

కూర్చోబెట్టి ఆలస్యం చేయడం కూడా వాళ్ళ విద్యలో భాగమే. కూర్చున్నకొద్దీ బండి మనదే అనిపిస్తుంది. తెలిసి కూడా ఆమె లేవలేకపోయింది. కాళ్ళు అంతగా పీకుతున్నాయి. ఆల్విన్ బల్ల వెనక మూలకి ఒదిగి తాళాల్ని నిమురుతున్నాడు.

బయట చీకటి చిక్కబడింది. రోడ్డు మీద లారీల హోరు ఎక్కడికో దూరంగా వెళ్ళిపోయింది. హీటరు టిక్కుమని ఆగింది. వెనిల్లా వాసన పోయి, నానిన గుడ్డల కంపు ఒక్కటే మిగిలింది.

మెట్టు కిర్రుమంది.

బండి ఒక పక్కకి ఒరిగింది... ఎవరో బరువైన మనిషి ఎక్కినట్టు.

గుమ్మంలో పొడుగు మనిషి. నీలం వానకోటు. కోటు అంచుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ ఊళ్ళో చినుకు పడి ఎన్నాళ్ళో అయింది.

గ్లెనిస్‌కి భయం వేయలేదు. ఒళ్ళు మండింది. ఒక్క అబద్ధం నిలబెట్టుకోవడానికి కిరాయి మనిషిని తెచ్చి, నెత్తిన నీళ్ళు కూడా కుమ్మరించారా!

"మీరేనా ఆ ఇంకొకాయన?"

"వస్తానన్నాను కదమ్మా..." గుసగుసలాడాడు. చూపు ఆమె మీద లేదు. ఆల్విన్ మీద ఉంది. "మీకు అక్కర్లేదా?"

"అక్కర్లేదు."

"లోపలున్నదంతా... నాకే వదిలేస్తారా?"

"వదిలేశాం బాబూ, హాయిగా ఏలుకో. పద, ఆల్విన్." విసుగ్గా అతని పక్కనుంచి దిగిపోయింది. ఆ కోటు ఆమె చేతికి రాసుకుంది. తడి మాత్రం అంటలేదు.

ఆఫీసులో బ్రెంటన్ ఒక్కడే కాళ్ళు చాపుకుని టీ తాగుతున్నాడు.

"మీవాడు బాగానే నటించాడు," అంది.

"ఎవరమ్మా?"

"నీలం కోటాయన."

అతని నవ్వు సగంలో ఆగిపోయింది. "అది... అప్పటికప్పుడు నోటికొచ్చింది చెప్పానమ్మా. ఎప్పుడూ ఎవరో ఒకర్ని చెబుతాం. గేటు కూడా మూసేశాను..."

గ్లెనిస్ వెనక్కి తిరిగింది. ఆల్విన్ లేడు.

పరుగెత్తింది. ప్రభువా... ప్రభువా... మెట్టు పొడిగా ఉంది. లోపల ఆల్విన్ ఒక్కడే. తలెత్తి నవ్వాడు. ఆమె ఏడాదిగా చూడని నవ్వు, నిండు మెలకువలో ఉన్న మనిషి నవ్వు. తాళాలు బల్ల మీద పెట్టి, తనంతట తనే కారు దాకా నడిచాడు. బెల్టు తనే పెట్టుకున్నాడు.

స్తోత్రం ప్రభువా, అనుకుంటూ ఆమె కారు తీసింది.

"పడమటి సముద్రం దగ్గర ఆ గాలి గుర్తుందా?" అన్నాడు. ఒక్క మాట జారలేదు, ఎక్కడా తడబాటు లేదు. "నీ టోపీ ఎగిరిపోతే ఒడ్డంతా పరిగెత్తించావు నన్ను. ఆ తర్వాతే వాన అందుకుంది."

"మనం... ఎప్పుడూ వెళ్ళలేదు కదా, ఆల్విన్."

ఆమె చేతి మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది.

"అలిసిపోయావు, మార్గీ. ఇంటికెళ్ళి పడుకుందాం." వెనకబడుతున్న యార్డుని అద్దంలో చూస్తూ జాలిగా అన్నాడు.

"ఆ బండిలో మూలన కూర్చున్న ముసలాయన ఎవరో పాపం... నేను దిగి వస్తుంటే గ్లెన్, గ్లెన్ అని ఒకటే పిలుపు."