కెప్టెన్ కాని అమ్మాయి

"తల్లీ, దొరికావు" అంటూ వెనక నుంచి ఎవరో చెయ్యి పట్టుకునేసరికి పళ్ళ డాక్టరు చేతిలోని కాఫీ సగం నేలపాలైంది.

వెనక్కి తిరిగింది. ఎవరూ కనిపించలేదు. తల దించింది. అప్పుడు కనిపించింది ఒక ముసలావిడ. ముగ్గుబుట్టలాంటి జుట్టు మీద తూనీగల జట్టు నీలం టోపీ, మొహం నిండా నవ్వు. ఆవిడ పక్కనే చంకలో బాస్కెట్‌బాల్, చేతిలో మార్కర్ పెన్ను పట్టుకుని, ఎందుకొచ్చానురా బాబూ అన్నట్టు నిలబడ్డాడు మనవడు.

ఆ రోజు తూనీగలు అభిమానులను కలుసుకునే రోజు. తూనీగలంటే ఆ ఊరి ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్ జట్టు. పేరుకు తూనీగలే గానీ కోర్టులోకి దిగితే తేనెటీగలు. ఇండోర్ స్టేడియం వరండా అంతా నీలం చొక్కాలతో కిటకిటలాడుతోంది.

"బుడ్డోడా, గుడ్లప్పగించి చూస్తావేం, బంతి ఇవ్వు. కెప్టెన్ గారే మనకు ఎదురొచ్చారు" అంది నానమ్మ.

"నేను..." అంది డాక్టరు.

"నాకు మోకాలు మార్చినప్పుడు మంచం దిగనన్నానమ్మా. భయం. అప్పుడే రిమోటు పాడై టీవీ మీ ఆటల చానెల్లో ఇరుక్కుపోయింది. వీడు ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేస్తాడు గానీ ఇంట్లో రిమోటు చెయ్యడు. అదే నయమైంది. ఫ్రీ త్రో వేసే ముందు నువ్వు నిటారుగా నిలబడి ఊపిరి పీల్చుకుంటావు చూడు, అది చూసే నేను మళ్ళీ మొదటి అడుగు వేశాను." చెబుతూ చెబుతూ ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

పళ్ళ డాక్టరు ఆరడుగుల పైచిలుకు ఉంటుంది. బడిలో చేరినప్పటి నుంచీ ఆమె ఎక్కడికెళ్ళినా "బాస్కెట్‌బాల్ ఆడతావా" అని అడిగేవాళ్ళే. నిజానికి బంతి ఎదురుగా వస్తే ఆమె కళ్ళు మూసుకుంటుంది. కాదు, ఆడను అని చెప్పడం ఆమెకు కంఠతా వచ్చు. కానీ ఆ తడి కళ్ళను చూస్తూ ఆ మాట నోట్లోంచి రాలేదు. పెన్ను అందుకుంది. కెప్టెన్ పేరు రాయడానికి మనసొప్పలేదు. తన పేరే గిలికేసింది. డాక్టరు రాత కదా, మందుల షాపు వాళ్ళే ఫోన్ చేసి అడిగే రాత, పట్టుకునేదెవరు అనుకుంది.

"చాలా థాంక్సండీ. టీవీలో కన్నా పొడుగ్గా ఉన్నారు" అన్నాడు మనవడు. అతని తల ఆమె భుజం దగ్గరకు వచ్చింది.

"టీవీ చిన్నది కదండీ" అంది ఆమె. వెంటనే అక్కడి నుంచి జారుకోవాలని చూసింది.

అంతలో హాల్లో పాట మోగింది. మైకులో ఎవరో "మన కెప్టెన్" అని కేక పెట్టారు. జనం ఒక్కసారిగా అటు తిరిగారు. ఫొటోలో బాగుండదని సంచిలో దాచిన కళ్ళద్దాలు తీసి పెట్టుకుంది నానమ్మ. స్టేజీ వైపు చూసింది. డాక్టరు వైపు చూసింది. మళ్ళీ స్టేజీ వైపు చూసింది.

"ఎవరండీ మీరు?" అన్నాడు మనవడు.

"పళ్ళ డాక్టర్ని."

"పళ్ళ డాక్టరైతే సంతకం ఎందుకు పెట్టారు?"

"మీరు పెన్ను ఇచ్చారు."

"ఇస్తే పెట్టేస్తారా? నేను స్క్రూడ్రైవర్ ఇస్తే లిఫ్టు విప్పేస్తారా?"

"కాదని చెప్పడానికి నోరు తెరిచానండీ. ఈలోగా మీ నానమ్మగారు ఏడ్చేశారు. రోజంతా నోరు తెరవమని ఇతరులకు చెప్పడమే నాకు అలవాటు. నేను తెరిస్తే మాట రాదు."

అతనికి నవ్వొచ్చింది. కానీ నానమ్మ మొహం చూసి ఆపుకున్నాడు. ఆవిడ బంతిని అటూ ఇటూ తిప్పి చూస్తోంది.

"కోడి గీకినట్టుంది. ఏం రాశావమ్మా?"

"నా పేరేనండీ. తప్పయిపోయింది, క్షమించండి."

"నీ పేరేనా? అయితే దొంగ సంతకం కాదుగా." నానమ్మ మొహం కాస్త తేటపడింది. "బంతి గుండ్రంగానే ఉంది, అవతలి వైపు ఖాళీయే. నువ్వూ మాతో రా. నీ వెనకాల నిలబడితే మమ్మల్నెవరూ నెట్టరు."

అలా ముగ్గురూ ఒకే వరసలో నిలబడ్డారు. వరస నత్తలా కదులుతోంది. మనవడికి ఊరికే నిలబడటం చేతకాదు.

"ఆటే రాదంటున్నారు. మరి ఇక్కడికెందుకొచ్చారు?"

ఆమె స్టేజీ వైపు చూసింది. "బళ్ళో నన్ను నిచ్చెన అనేవారు. క్లాసు ఫొటోకి నన్నొక్కదాన్నే మోకాళ్ళ మీద కూర్చోబెట్టేవారు. వంగి నడవడం అలవాటైపోయింది. ఈవిడ నడక చూశాక, ఓహో, ఇలా కూడా నడవచ్చన్నమాట అనిపించింది. ఒక థాంక్స్ చెప్పి వెళ్దామని."

"చెప్పండి మరి."

"దగ్గరికెళ్ళాక చెప్పలేనేమో."

అనుకున్నంతా అయింది. కెప్టెన్ టేబుల్ ముందుకు రాగానే ఆమె నానమ్మకు చోటిచ్చి పక్కకు తప్పుకుంది. నానమ్మ తన మోకాలి కథంతా మళ్ళీ మొదటి నుంచీ చెప్పింది. కెప్టెన్ టేబుల్ మీద మోచేతులు ఆనించి శ్రద్ధగా విని, బంతి మీద పెద్ద అక్షరాలతో సంతకం పెట్టింది. తర్వాత బంతి తిప్పింది.

"ఇదెవరిది బామ్మగారూ?"

"ఇదుగో, ఈ పిల్లది. నువ్వనుకుని పెట్టించుకున్నాను. నీతో ఏదో చెప్పాలని వచ్చిందట. ఇప్పుడేమో గోడ చాటుకు పోతోంది."

కెప్టెన్ లేచి, టేబుల్ చుట్టూ తిరిగి వచ్చి డాక్టరు ఎదురుగా నిలబడింది. "నిటారుగా నిలబడండి."

"నిలబడే ఉన్నానండీ."

"లేదు. భుజాలు వెనక్కి. గడ్డం పైకి. ఆఁ, అలా."

డాక్టరు నెమ్మదిగా నిలువెల్లా విచ్చుకుంది. ఇప్పుడు కెప్టెనే తలెత్తి చూడాల్సి వచ్చింది.

"ఇంకో ఆడమనిషిని తలెత్తి చూసి ఎన్నాళ్ళయిందో" అంది కెప్టెన్ నవ్వుతూ. "మెడకు హాయిగా ఉంది. ఆడతారా?"

"బంతి వస్తే కళ్ళు మూసుకుంటానండీ."

"అయితే వద్దులెండి."

డాక్టరు పకపకా నవ్వింది. ఆ నవ్వులోనే, చెప్పలేననుకున్న థాంక్స్ కూడా చెప్పేసింది.

మనవడు మాత్రం ఆ మాటలేవీ వినలేదు. ఇంతసేపూ తను మాట్లాడింది ఈ మనిషిలో కొంత భాగంతోనే అని అతనికి అప్పుడే తెలిసింది. తను నిలబడ్డ లిఫ్టు ఉన్నట్టుండి పైకి కదిలినట్టు, టేబుల్ అంచు పట్టుకున్నాడు.

మరుసటి వారం అతను ఆమె క్లినిక్‌కి వెళ్ళాడు.

"ఎక్కడ నొప్పి?"

"ఇటు. అటు కూడా."

"రెండు వైపులా ఒకేసారా?"

"వంతులేసుకుని వస్తుందండీ."

ఆమె కుర్చీని పైకి లేపింది. అది ఎంత లేచినా ఆమె వంగక తప్పదు. చిన్న అద్దంతో పళ్ళన్నీ చూసింది. "మీ పళ్ళు నా పళ్ళకన్నా బాగున్నాయి. మిమ్మల్ని నానమ్మగారు పంపించారా, మీరే వచ్చారా? నానమ్మగారైతే ఒకసారి, మీరే అయితే రెండుసార్లు ఆ అనండి."

నోట్లో అద్దంతో అతను మూడుసార్లు అన్నాడు.

"మూడోది ఎందుకు?"

అద్దం తీశాక చెప్పాడు. "కాఫీకి రమ్మని. ఆ రోజు మీది సగం మావల్లే ఒలికింది."

ఆమె వెళ్ళింది. ఆ తర్వాత తూనీగల ఆట ఎప్పుడున్నా ముగ్గురూ కలిసే వెళ్ళారు. మధ్యలో నానమ్మ, అటూ ఇటూ వీళ్ళిద్దరూ. నానమ్మ రెఫరీని తిట్టేటప్పుడు ముందుకు వంగేది. అప్పుడు ఆవిడ వీపు మీదుగా ఇద్దరి చూపులూ కలిసేవి. రెఫరీ తప్పులు ఎక్కువ చేస్తే బాగుండునని ఇద్దరూ కోరుకునేవారు.

వాన పడ్డ ఒక సాయంత్రం నానమ్మకు జలుబు చేసి రాలేదు. ఆట అయ్యాక ఇద్దరికీ ఒకటే గొడుగు. అతను పట్టుకుంటే గొడుగు పుల్లలు ఆమె జుట్టులో చిక్కుకున్నాయి. ఆమె పట్టుకుంటే ఏటవాలు వాన అతని మీదే పడింది.

"మీరే పట్టుకోండి."

"కాదు, మీరే."

ఇద్దరూ నవ్వుకుంటూ బస్ షెల్టర్ దాటుతున్నారు. అక్కడ వాన ఆగడం కోసం నిలబడ్డ కుర్రాళ్ళలో ఒకడు అన్నాడు. "ఒరేయ్, జిరాఫీ తన పిల్లను బడికి తీసుకెళ్తోంది చూడండిరా." మిగతావాళ్ళు పగలబడి నవ్వారు.

ఆమె నవ్వు ఆగిపోయింది. గొడుగు అతని చేతికిచ్చి, మెడ వంచి, భుజాలు ముడుచుకుని దాని కింద దూరింది. వీధి చివరి దాకా అలాగే నడిచింది.

అతను ఆగాడు. "ఏం చేస్తున్నారు?"

"గొడుగులో పట్టాలి కదా."

"వంగుతున్నారు."

"వంగకపోతే పట్టను."

"అయితే పట్టకండి." అతను గొడుగు మూసేశాడు.

"మీకేమైనా పిచ్చా? తడిసిపోతాం."

"తడుద్దాం." అతను గొడుగు చంకలో పెట్టుకున్నాడు. "మీరు పొడుగని నాకు ఏనాడూ కష్టం కలగలేదు. వాళ్ళు నన్ను పిల్లాడన్నా పర్లేదు, ఇంట్లో నేను ఇప్పటికీ బుడ్డోణ్ణే. కానీ నా పక్కన నడవడానికి మీరు చిన్నవ్వాలంటే మాత్రం నాకు చాలా కష్టంగా ఉంది. అలాగైతే చెప్పండి, నేను అవతలి ఫుట్‌పాత్ మీద నడుస్తాను."

ఆమె మొహం మీది నీళ్ళు తుడుచుకుంది. వాన ఇద్దరినీ తడిపేస్తోంది.

"ఇంతకుముందు ఒక సంబంధం వచ్చింది" అంది చివరికి. "అబ్బాయి మంచివాడే. మీ అంత పొట్టి కూడా కాదు. నలుగురిలో ఉన్నప్పుడు కాస్త కూర్చునే ఉండమన్నాడు. ఎంతసేపని కూర్చోను? నేనే వద్దన్నాను. మీరూ ఎప్పుడో ఒకరోజు అలా అంటారేమోనని భయం."

"నా సంగతి చెప్పనా? నాకు మీరంటే ఇష్టం. మొత్తం. పై నుంచి కింది దాకా. అదేమీ తక్కువ ఇష్టం కాదు, కొలిచి చూసుకోండి."

ఆమె నవ్వింది. నవ్వుతూనే భుజాలు వెనక్కి లాగి నిటారుగా నిలబడింది. అతను తలెత్తి చూశాడు. వాన నేరుగా కళ్ళల్లో పడుతోంది. అయినా చూపు తిప్పలేదు.

"నాకూ ఇష్టమే" అంది ఆమె.

"ఏమన్నారు? వినపడలేదు."

"పైనుంచి చెప్పాను కదా, కిందికి రావడానికి టైం పడుతుంది."

ఇక మిగిలింది ఆమె తల్లి. ఆవిడ కుట్టుపని నేర్పే టీచరు. ఆ తర్వాతి ఆదివారం నానమ్మను వెంటబెట్టుకుని అతను వాళ్ళింటికి వెళ్ళాడు. మిషను పక్కన బట్టలు మడతపెట్టి చోటు చేసి కూర్చోబెట్టింది ఆవిడ. టీ ఇచ్చింది. టేపు లేకుండానే అతన్ని కంటితో కొలిచేసింది.

"ఉన్నమాట చెబుతాను బాబూ, ఏమీ అనుకోకు. దాని చిన్నప్పటి నుంచీ లంగాల అంచులు విప్పి పొడుగు చేస్తూనే ఉన్నాను. ఊరు నవ్వుతూనే ఉంది. మొదట్లో నీకిది సరదాగానే ఉంటుంది. పోగా పోగా విసుగు పుడుతుంది. ఆ విసుగు తిరిగి తిరిగి నా పిల్ల మీదే పడుతుంది. నా భయం అదొక్కటే."

నానమ్మ ఏదో అనబోయింది. అతను ఆవిడ చేతి మీద చెయ్యి వేసి ఆపాడు. ఈసారి జోకు వెయ్యలేదు.

"విసుగే రాదని ఒట్టేసి చెప్పలేనండీ. ఇప్పటికే నవ్వారు. మొన్న వానలో నవ్వినవాళ్ళ మీద కోపం కూడా వచ్చింది. కానీ ఇంటికెళ్ళి పడుకున్నాక వాళ్ళ మొహాలు గుర్తు రాలేదు. ఆమె నవ్వే గుర్తొచ్చింది. అది తలుచుకుని నేనూ నవ్వుకుంటుంటే నానమ్మ లేచి, జ్వరమేమోనని నుదురు పట్టుకుని చూసింది."

"నిజమేనమ్మా" అంది నానమ్మ. "వెచ్చగా కూడా లేదు."

తల్లి వంటింటి గుమ్మం వైపు చూసింది. కూతురు అక్కడే నిలబడి ఉంది. అమ్మ మాట వింటున్నప్పుడు గోడకు ఒదిగి, తల వంచుకుని నిలబడే పిల్ల ఈ రోజు ఎక్కడా ఒదగలేదు. తలుపు పైచట్రం దాకా నిండుగా నిలబడి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. అలా నిలబడ్డ కూతుర్ని చూడటం ఆ తల్లికి అదే మొదటిసారి. చాలాసేపు చూసింది.

తర్వాత అతని చేతిలోని కప్పు వైపు తిరిగింది.

"చక్కెర సరిపోయిందా?"

"సరిపోయింది ఆంటీ."

"ఆంటీ ఏమిటి? అత్తయ్యా అను."

అతను కప్పు కింద పెట్టి, సర్దుకుని కూర్చున్నాడు. నానమ్మ మోచేత్తో పొడిచింది. అప్పుడు, సరిగ్గా బడిలో పాఠం అప్పజెప్పే పిల్లాడిలా, "అత్తయ్యా" అన్నాడు.

గుమ్మంలోంచి డాక్టరు వచ్చి, ఎవరూ చెప్పకుండానే, అతని పక్కన నిలబడింది.