అరవై రెండో ఫోను

"ఫోను ఇవ్వండి మేడమ్, రెండు నిమిషాల పని."

"ఇవ్వను."

అప్పటికి ఆ ఆసుపత్రిలో అరవై ఒక్కమంది మారు మాట్లాడకుండా ఫోన్లు తీసి చేతిలో పెట్టారు. అరవై రెండో మనిషి మాత్రం తలైనా ఎత్తలేదు. రెండు ఇనప కడ్డీల మధ్య ఒక పెద్దాయన నడుముకి కట్టిన బెల్టు పట్టుకుని, ఆయన వేసే అడుగులు లెక్కపెడుతోంది.

ఆమె ఫిజియోథెరపిస్టు. పక్షవాతం వచ్చినవాళ్ళకీ, కాళ్ళు విరిగినవాళ్ళకీ మళ్ళీ నడక నేర్పడం ఆమె పని. రోగులంతా ఆమెను నడక టీచర్ అంటారు. ఆ పెద్దాయన ముప్పై ఏళ్ళు లారీ నడిపినవాడు. ఇప్పుడు తన కుడికాలే తన మాట వినడం లేదని అందరి మీదా అలిగి కూర్చునేవాడు. ఆయన లారీ తాత.

ఫోను అడిగినవాడు ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకునే అబ్బాయి. డాక్టర్ల మెడలో స్టెతస్కోపు ఉన్నట్టు అతని మెడలో ఎప్పుడూ ఒక వైరు చుట్ట వేలాడుతుంటుంది. అందుకని అందరికీ అతను కేబుల్ అయిపోయాడు.

"మేనేజర్ గారి ఆర్డరండీ," అన్నాడు కేబుల్. "రిపోర్టులూ వీడియోలూ పంపుకోవడానికి అందరి ఫోన్లలో ఒకటే ఫైల్ మేనేజర్ యాప్ ఉండాలట. వేసేసి వెళ్ళిపోతాను."

"అదేమేం అడుగుతుంది?"

"ఏవో పర్మిషన్లు. అలౌ, అలౌ, అలౌ. నాలుగు నొక్కులు."

"చూపించండి."

తాతను కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు తుడుచుకుని, అతని ఫోనులో ఆ పర్మిషన్లన్నీ పైనుంచి కిందదాకా చదివింది. వాటిని అలా చదివే మనిషిని కేబుల్ తన సర్వీసులో చూడలేదు.

"ఫైళ్ళు చూస్తానంటోంది, సరే. నా కాంటాక్టులెందుకు? నేనెక్కడున్నానో దానికెందుకు? మైకు ఎందుకు?"

"అన్ని యాప్‌లూ అడుగుతాయండీ."

"ఇల్లు ఊడవడానికి వచ్చిన మనిషి మీ చుట్టాల అడ్రసులన్నీ రాసుకుంటానంటే ఊరుకుంటారా?"

కుర్చీలోంచి లారీ తాత కిసుక్కున నవ్వాడు. కేబుల్‌కి ఒళ్ళు మండింది.

"దాచుకునేదేమీ లేనివాళ్ళకి భయమెందుకండీ?"

అప్పుడు మొదటిసారి అతని మొహంలోకి సూటిగా చూసింది. "నా గురించి కాదు. ఈ ఫోనులో నూటనలభై మంది నడకలున్నాయి. నిలబడలేక పడిపోయినవాళ్ళు, నిక్కర్లతో ఉన్నవాళ్ళు, వీడియో తీస్తుండగానే ఏడ్చేసినవాళ్ళు. ఎవరికీ చూపించకమ్మా అని ప్రతి ఒక్కరూ అడిగారు. చూపించనని మాటిచ్చాను. మీ ఆర్డరు కంటే ఆ మాట ముందు పుట్టింది."

కేబుల్ బయటికొచ్చేశాడు. మెట్లు దిగుతూ, మొండిఘటం అనుకున్నాడు. ఆ కళ్ళు గుర్తొచ్చి ఒక మెట్టు తప్పాడు.

మర్నాడు నోటీసు బోర్డు మీద కాగితం వెలిసింది. అరవై రెండు ఫోన్లకి అరవై ఒకటి పూర్తి. మిగిలినది ఫిజియోథెరపీ. కింద, 'యాప్ పరీక్షించబడినది, సురక్షితము' అని ఒక వాక్యం, దాని కింద కేబుల్ సంతకం.

ఆమె తిన్నగా అతని గదికి వెళ్ళింది. పాత మానిటర్లు ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇరుకు గది అది.

"పరీక్షించారా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది కానీ, ఆమె గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడిన తీరు చూశాక అది వెనక్కి వెళ్ళిపోయింది.

"లేదండీ. పైనుంచి కాగితం వచ్చింది, పెట్టేశాను."

"అయితే అది సంతకం కాదు, గీత."

ఆ ఒక్క మాట అని వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది. కేబుల్ ఆ పూట అన్నం సరిగా తినలేదు. సాయంత్రం అల్మారాలోంచి ఒక పాత ఫోను తీశాడు. దాంట్లో ఆ యాప్ వేసి, ఫోనులోంచి బయటికి పోయే ప్రతిదీ తన కంప్యూటర్ గుండానే పోయేలా పెట్టాడు. ఏం పోతోందో, ఎప్పుడు పోతోందో కాపలా కూర్చున్నాడు.

రెండు రోజుల తర్వాత క్యాంటీన్లో ఆమె ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"పరీక్ష మొదలుపెట్టాను. తేలడానికి వారమో పది రోజులో పడుతుంది. ఈలోగా ఒకటి అడగనా? మీ ఫోనులో చోటుందా?"

ఆమె టీ కప్పు దించింది. "లేదు. వీడియో తీసిన ప్రతిసారీ నిండిపోయిందని అరుస్తోంది."

"అంటే మీకూ ఫైల్ మేనేజర్ కావాలి."

"కావాలి. అది నాకు పనిచేసేది కావాలి. నేను దానికి పనిచేసేది కాదు."

ఆ రోజు నుంచి భోజనాల వేళ అదే పని. కేబుల్ రోజుకో యాప్ పాత ఫోనులో వేసి తెచ్చేవాడు. ఆమె పరీక్ష పెట్టేది. మొదటిది అందంగానే ఉంది కానీ, ఏ ఫోల్డరు తెరిచినా ముందు బరువు తగ్గండి అంటూ ప్రకటన వచ్చేది.

"ఇది నన్నేదో అంటోంది," అంది.

"మిమ్మల్ని కాదులెండి. నాకూ అదే చెప్పింది."

రెండోది ఫోను శుభ్రం చేస్తాను, వేగం పెంచుతాను, బ్యాటరీ కాపాడతాను అని అడక్కుండానే చెప్పుకుపోయింది.

"ఇంత సొంత డప్పు కొట్టుకునేవాడికి పిల్లనిస్తారా ఎవరైనా?" అంది ఆమె.

"ఇవ్వరు. మరి డప్పు కొట్టుకోనివాడికి?"

"అది అప్పుడు చూద్దాం. తర్వాతది తీయండి."

మూడోది చూడ్డానికి సాదాగా ఉంది. రంగుల్లేవు, హంగుల్లేవు. తేదీల వారీగా సర్దుతుంది, మెమరీ కార్డులోకి మారుస్తుంది, ఫోల్డరుకి తాళం వేస్తుంది. ఫైళ్ళు చూడ్డానికి తప్ప ఇంక దేనికీ పర్మిషన్ అడగలేదు.

"ఇంటర్నెట్ కూడా అడగదు," అన్నాడు కేబుల్. "చూసింది బయటికి మోసుకుపోవడానికి దీనికి దారే లేదు. ఎలా తయారుచేశారో కూడా అందరూ చూసుకునేలా పెట్టారు. నేను కూర్చుని ఆ కోడంతా చదివాను."

"చదివారా?"

"ఈసారి చదివాను."

అప్పుడు ఆమె నవ్వింది. పెద్ద నవ్వేం కాదు, ఓ చివర మొదలై ఇంకో చివరికి చేరేలోపు ఆగిపోయింది. కేబుల్ మాత్రం ఆ మధ్యాహ్నం ఒక ప్రింటర్‌లో సిరా బదులు కాగితాలు మార్చి వచ్చాడు.

ఆ సాయంత్రమే వాన. ఆసుపత్రి గేటు దగ్గర ఆమె గొడుగు విప్పుతుంటే పక్కన ప్రత్యక్షమయ్యాడు.

"గొడుగు లేదా?"

"లేదండీ."

బస్‌స్టాపు దాకా ఒకే గొడుగు. వాన ఏటవాలుగా కొడుతోంది. ఆమె గొడుగును అతని వైపు వంచేది, అతను మళ్ళీ ఆమె వైపు నెట్టేవాడు. ఈ మర్యాదల మధ్య గొడుగు ఎవరినీ కాపాడలేదు. బస్సెక్కేసరికి ఆమె ఎడం భుజం, అతని కుడి భుజం పిండితే బిందె నిండేలా ఉన్నాయి.

అంతా సవ్యంగా ఉందనుకుంటున్న ఆ మర్నాడే మేనేజరు ఆమెను పిలిపించాడు.

"ఎందుకమ్మా ఈ పట్టుదల? కేబుల్ రోజూ నీతో కూర్చుని టీ తాగుతున్నాడంటే ఊరికేననుకున్నావా? నేనే చెప్పాను, మంచిమాటల్తో ఆ ఫోను సంపాదించమని. సరేనన్నాడు. బుధవారం మీటింగు లోపల యాప్ వేయించుకో. లేదంటే నీ ఉద్యోగం సంగతి నాకు తెలీదు."

ఆమె మెట్లెక్కుతుంటే కేబుల్ ఎదురొచ్చాడు.

"మేనేజర్ గారికి సరేనన్నారా, అనలేదా?"

"అన్నాను, కానీ అది..."

"కానీలు నాకొద్దు."

మూడు రోజులు ఆమె క్యాంటీన్‌కి రాలేదు. లారీ తాత కడ్డీలు పట్టుకుని నడుస్తూ, "ఈ మధ్య అడుగులు గట్టిగా లెక్కపెడుతున్నావమ్మా, భయమేస్తోంది," అన్నాడు. ఆమె యాప్ మాత్రం వేయించుకోలేదు. ఉద్యోగం పోతే పోతుందని బ్యాగులో సర్టిఫికెట్లు సర్దుకుని మరీ బుధవారం మీటింగుకి వెళ్ళింది.

హాలు నిండా జనం. ముందు వరసలో పెద్ద డాక్టరమ్మ. ఆసుపత్రిలో ఆవిడ మాటకి తిరుగులేదు. మేనేజరు ఫిజియోథెరపీ పేరెత్తబోతుండగా కేబుల్ లేచాడు. మొహం పాలిపోయి ఉంది.

"ముందు నాది వినండి సార్. ఆ నోటీసు మీద సంతకం నాది. చూడకుండా పెట్టాను. ఇప్పుడు చూశాను. వెనక్కి తీసుకుంటున్నాను."

గోడ మీద తెర వెలిగింది. పాత ఫోనులోంచి ఆ యాప్ ప్రతి అరగంటకీ బయటెక్కడికో పంపుతున్న ఫైళ్ళ పేర్లు, వరసగా. పరీక్ష ఒకటి. పరీక్ష రెండు. పరీక్ష మూడు.

"ఇదేం సాక్ష్యమయ్యా?" అన్నాడు మేనేజరు. "మూడు లైన్లు ఎవడైనా టైపు చేస్తాడు. కిందికి జరుపు."

"కిందివి నా సొంతం సార్. పరీక్షకి రోజూ ఓ కొత్త ఫైలు వేయాలి కదా అని, పేర్లు నోటికొచ్చినవి పెట్టాను."

"దాచుకునేదేమీ లేనివాడికి భయమెందుకు? జరుపు."

తన మాటే తనకు తగిలింది. కేబుల్ ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. జరపకపోతే రుజువు లేదు. జరిపాడు.

'సంతకం కాదు గీత అంది, నిజమే.'

'మేనేజర్‌కి సరేనన్నాను, పరీక్షకి టైము కావాలి.'

'నడక టీచర్ ఈరోజు నవ్వింది.'

'గొడుగు బ్యాగులోనే ఉంది, లేదన్నాను.'

'మాట్లాడటం లేదు, రెండో రోజు.'

హాలంతా గొల్లుమంది. వెనక ఎవరో ఈల వేశారు. తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. చెవుల దాకా వేడెక్కింది ఆమెకి. పారిపోవాలనిపించే చోటు అది. ఆమె లేచి నడుచుకుంటూ ముందుకెళ్ళి, తెరకు అడ్డంగా నిలబడింది. మిగిలిన అక్షరాలు ఆమె చీర మీద పడ్డాయి.

"చదివింది చాలు. ఒక మనిషి తన దగ్గర తను దాచుకున్న మాటలివి. మీకు రుజువు చూపించడానికి పరువు తీసి గోడకి అంటించాడు. నవ్వండి. నవ్వాక మీ జేబులు తడుముకోండి. అరవై ఒక్క ఫోన్లలోంచి ఇవే పోతున్నాయి. మీవీ, మీ పిల్లలవీ, మిమ్మల్ని నమ్మి రిపోర్టులు పంపిన రోగులవీ."

నవ్వులు తగ్గాయి. నిజంగానే చేతులు జేబుల్లోకి వెళ్ళాయి.

పెద్ద డాక్టరమ్మ నెమ్మదిగా అడిగింది. "నా ఫోనులోంచి కూడానా?"

"అవును మేడమ్," అన్నాడు కేబుల్. "నా చేత్తోనే వేశాను."

"ఆ చేత్తోనే తీసెయ్. అందరివీ. ఇవాళే." మేనేజరు ఏదో అనబోతే ఆవిడ కళ్ళజోడు తీసి చూసింది. ఆయన కూర్చున్నాడు.

అరవై ఒక్క ఫోన్లలోంచి ఆ యాప్ తీసేసరికి సాయంత్రమైంది. వరండాలో ఆమె బల్ల మీద కూర్చుని ఉంది.

"క్షమించండి," అన్నాడు కేబుల్. "అలా అందరి ముందూ..."

"గొడుగు ఏ రంగు?"

"నలుపండీ."

"రేపట్నుంచి తెచ్చుకోండి. నా భుజం ఇంకా ఆరలేదు." బల్ల మీద పక్కకి జరిగి, "మూడో రోజు ఫైలు పేరేం పెట్టారు?" అంది.

"పెట్టలేదు. ఎదురుగా చెప్పాలనుకున్నాను."

"చెప్పండి మరి. ఎదురుగానే ఉన్నాను."

చెప్పాడు. ఏం చెప్పాడన్నది వాళ్ళిద్దరికే తెలియాలి. అంత గొడవా అయ్యింది అందుకే కదా.

వారం తిరక్కుండా కేబుల్ ఉద్యోగం పోయింది. కాంట్రాక్టు మీద అతన్ని ఆసుపత్రికి పంపిన కంపెనీ, నీ సేవలు ఇక చాలని ఒక్క ముక్క మెయిలు పెట్టింది. ఆ ఆదివారమే ఆమె అతన్ని ఇంటికి తీసుకెళ్ళింది. ఇల్లంటే రెండు గదులు. ముందు గదిలో అమ్మ కుట్టుమిషను, చుట్టూ సగం కుట్టిన జాకెట్లు.

"ఉద్యోగం పోయినవాడిని తెచ్చావు," అంది అమ్మ, అతను వింటుండగానే.

"ఉద్యోగం పోయింది, నోరు పోలేదమ్మా."

"నోరుంటే పొయ్యి వెలుగుతుందా?"

"నేను వెలిగిస్తాను. నాన్న పోయాక ఇన్నాళ్ళూ వెలిగించింది మనిద్దరమే కదా. ఇతన్ని తప్ప నేను ఎవర్నీ చేసుకోను. నువ్వు కాదంటే ఒప్పుకునేదాకా ఇలాగే ఉంటాను, అలక మాత్రం పూనను."

అమ్మ మిషను ఆపి అతని వైపు తిరిగింది. "నువ్వేమంటావు బాబూ?"

"ఒకచోట ఉద్యోగం అడిగానండీ. పాతది ఎందుకు పోయిందన్నారు. ఉన్నదున్నట్టు చెప్పాను."

"ఏమన్నారు?"

"వెళ్ళిరమ్మన్నారు. రేపు ఇంకోచోటుంది."

"అక్కడా అదే చెప్తావా? ఒక చిన్న అబద్ధమాడితే దొరుకుతుందేమో."

"దొరుకుతుందండీ. దొరికాక మళ్ళీ చూడకుండా సంతకం పెట్టమంటారు."

అమ్మ అతన్ని చాలాసేపు చూసింది. కూతుర్ని చూసింది. చివరికి దారం పళ్ళతో కొరికి, "మొండికి మొండి దొరికింది. మీ మధ్య పడి నేను నలగలేను. కూర్చో నాయనా, టీ పెడతాను," అంది.

టీలు అయ్యాయి. అతను బయల్దేరితే ఆమె మెట్ల దాకా వచ్చింది. లోపల మిషను మళ్ళీ మొదలైంది.

"రేపు ఎన్నింటికి?"

"పదింటికండీ."

"ఆ అండీ ఇంక ఆపు. నేనూ వస్తాను. నువ్వు లోపలికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పు. నేను బయట కూర్చుంటాను."

లోపల మిషను చప్పుడు ఒక్కసారి ఆగింది. కూతురి నోట్లోంచి ఆ 'నువ్వు' అంతదాకా వినపడింది కాబోలు.

అతను మెట్టు మీదే ఆగి, "వాళ్ళూ వద్దంటే?" అన్నాడు.

"ఇంకోచోటికి వెళ్దాం," అంది ఆమె.