అత్తమ్మ పాటల లింకులు

పొద్దున్నే అత్త సాయమ్మకు జావ తాగించి, వసంత ల్యాప్‌టాప్ తెచ్చి మంచం పక్కన స్టూలు మీద పెట్టింది. పక్షవాతం వచ్చి సాయమ్మకు మాట పడిపోయింది. తెలిసిన పాటలు రోజూ వినిపిస్తే మెల్లగా మాట రావచ్చని వనపర్తి డాక్టరు చెప్పినప్పటి నుంచి పాన్‌గల్‌లోని ఆ ఇంట్లో ఇది అలవాటయింది. బాగున్న రోజుల్లో సాయమ్మ పాడిన కలుపు పాటలన్నీ వసంత రికార్డు చేసి ఉంచింది. వర్డ్ ఫైల్లో పెద్ద అక్షరాలతో పాట, దాని కింద నీలిరంగు లింకు. నొక్కితే సాయమ్మ గొంతే వినిపించేది.

ఈ రోజు నొక్కితే ఫైలు తెరవడం కుదరదని వచ్చింది. ఇంకో లింకు నొక్కినా అదే మాట. సాయమ్మ ఎదురుచూస్తోంది.

"ఏమయ్యా, జర ఇటు రా. ల్యాప్‌టాప్‌ల ఏం చేసినవ్?"

విత్తనాల దుకాణానికి బయల్దేరబోతున్న భర్త మహిపాల్ గుమ్మంలో ఆగాడు. "బిల్లులు పెడ్దమంటే జాగ లేకుండె. నిన్న అన్నీ సర్దిన."

"అత్తమ్మ పాటలు తీసేసినవా?"

"యాదికి లేదు. గవి పోతే ఏమాయె? యూట్యూబ్‌ల బొచ్చెడు పాటలున్నయి."

వసంత గొంతు పెంచలేదు. "యూట్యూబ్‌ల మీ అమ్మ ఉన్నదా? ఒక్కనాడన్న కూసొని విన్నవా? ఆమె మాట ఇప్పుడు గా పాటలల్లనే ఉన్నది."

సాయమ్మ ముఖం గోడవైపు తిప్పుకుంది. అది చూసి మహిపాల్ వచ్చి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. వెతగ్గా వెతగ్గా పాటలు డి డ్రైవ్‌లో 'పాతవి' అనే ఫోల్డరులో దొరికాయి.

"ఇగో, యాడికి పోలే."

వసంత ఊపిరి పీల్చుకుంది. "లింకు పాత జాగలనే వెతుకుతున్నది. పేర్లు తీసి నంబర్లు గూడ పెట్టినవ్. ఏ పాట ఏదో వింటె గని తెల్వదు."

"నేను విని చెప్త. నువ్వు కలుపు."

అతను ఒక్కో ఫైలు విని ఏ పాటో చెబుతుంటే, ఆమె ఆ పాట లింకు మీద రైట్ క్లిక్ చేసి కొత్త చోటు చూపించింది. ఒక రికార్డింగులో పాట మధ్యలోనే ఆగి, సాయమ్మ మాట వినిపించింది. "ఆగు వసంతా, మహిపాల్ వచ్చిండు. బువ్వ పెట్టొచ్చి పాడ్త."

మహిపాల్ చేయి మౌస్ మీదే ఉండిపోయింది.

"గప్పుడు నేను 'ఏం లొల్లి ఇది' అన్న గదా?"

"అన్నవ్," అంది వసంత మెల్లగా.

అతను లేచి తల్లి పక్కన కూర్చుని చేయి పట్టుకున్నాడు. "అమ్మా, నేను పాడ్త చూడు." కళ్లు తుడుచుకుంటూ, మెట్ట చేలో వేరుశనగ పూసిన పాటను శ్రుతి లేకుండా ఎత్తుకున్నాడు. "నల్ల చెల్కల పల్లి పూసెనమ్మా..."

సాయమ్మ తల అడ్డంగా ఊపింది. అతనికి అర్థంకాక మళ్లీ అదే పాడాడు. ఆమె నుదురు ముడిపడింది. పెదవులు కష్టంగా కదిలాయి.

"ఎ... ఎర్ర."

వసంత చటుక్కున లేచి నిలబడింది.

"ఏమన్నవమ్మా?" అన్నాడు మహిపాల్.

"ఎర్ర!" ఈసారి కాస్త కోపంగానే అంది.

"ఎర్ర చెల్కనే అమ్మా, ఎర్ర చెల్కనే!" మహిపాల్ నవ్వుతూ, ఏడుస్తూ ఆమె అరచేతిని చెంపకు ఆనించుకున్నాడు. వసంత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సాయమ్మ మాత్రం, తర్వాతి చరణమైనా సరిగ్గా పాడతాడా అన్నట్టు కొడుకు ముఖంలోకి చూస్తోంది.