చుక్క కారని లారీ

ఒక మాట అడుగుతాను, నిజం చెప్పండి. మండుటెండలో గంటసేపు ఏసీ నడిచిన బండి కింద ఒక్క నీటిచుక్క కూడా లేకపోతే మీరేమనుకుంటారు?

గ్యాస్ అయిపోయిందనుకుంటారు. గొట్టం పూడుకుపోయిందనుకుంటారు. మేమూ అదే అనుకున్నాం.

బొలీవియా సరిహద్దున, నీళ్ళకి కటకటలాడే చాకో మైదానంలో మా ఊరి నుంచి డయాలసిస్ ఉన్న పట్నానికి తొంభై కిలోమీటర్ల మట్టిరోడ్డు. మా అమ్మ జునిల్డాకి రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి రెండుసార్లు ఆ రోడ్డు మీద వెళ్ళాలి. వాన పడితే ఆ మట్టి ఏ కారునీ కదలనివ్వదు. మాకు దిక్కు మా మామయ్య విల్ఫ్రిదో దగ్గరున్న పాత మిలిటరీ లారీ ఒక్కటే. అది ఆరు చక్రాల మీద బురదలో దున్నలాగా నడుస్తుంది. కానీ దాని కేబిన్ అంటే పొయ్యి. డిసెంబరులో, అంటే మా నడివేసవిలో, బయట నలభై నాలుగు డిగ్రీలు, లోపల ఎంతో ఎవరూ కొలవలేదు. అమ్మ రెండుసార్లు దారిలో స్పృహ తప్పింది. "మూడోసారి కూడా ఇలాగే తెస్తే గుండె ఆగిపోతుందమ్మాయ్. అప్పుడు మా మిషను దగ్గరికి కాదు, వేరే చోటికి తీసుకెళ్ళాలి" అని నర్సు బ్లాసిదా నాతో తెగేసి చెప్పింది.

అందుకని ఏసీ పెట్టించాం.

దెర్లిస్ అని మా ఊరి మెకానిక్, పాడుబడ్డ మినీబస్సు నుంచి ఏసీ పీక్కొచ్చాడు. మూడురోజులు లారీ కిందే పడుకున్నాడు. మినీబస్సు ఫ్యాన్లు పన్నెండు వోల్టులవి, మిలిటరీ బండిది ఇరవై నాలుగు. రెండేసి ఫ్యాన్లు ఒకదాని తర్వాత ఒకటి కలిపి కట్టాడు. కేబిన్‌కి ఎన్ని బొక్కలున్నాయో అన్నిట్లోనూ పాత కంబళి ముక్కలు కుక్కాడు.

"అన్నా, ఇది లారీనా జల్లెడా? లోపలికి చలి పంపితే నేరుగా బొలీవియా పోయేలా ఉంది" అన్నాడు మామయ్యతో.

"నీ పని చూడరా. ఇది నీకంటే ముందు పుట్టింది, నీ తర్వాత కూడా నడుస్తుంది."

"నడుస్తుందిలే, నన్ను మోసుకుపోడానికి."

"నిన్నొక్కణ్ణేనా? దానికది కొత్తా?" అన్నాడు మామయ్య, గోళ్ళలోని గ్రీజు గీక్కుంటూ. "అడవి కొట్టేవాళ్ళకి బొలీవియాతో యుద్ధంనాటి ఎముకలు దొరికేవి. నీళ్ళందక తుప్పల కింద ముడుచుకుని చచ్చినవాళ్ళవి. ఎక్కడ దొరికినా పూడ్చడానికి ఈ బండిలోనే తెచ్చేవారు."

ఆ సాయంత్రమే దెర్లిస్ సీటు కింది రేకు ఎత్తితే ఒక మిలిటరీ నీళ్ళసీసా దొరికింది. అల్యూమినియంది. మీది ఉన్ని తొడుగు చిమ్మటలు తినేశాయి. మూత లేదు. మా చాకోలో నీటిచుక్కని నేల మీద పడనివ్వం. కప్పు మీది వాన నీళ్ళు తొట్టిలోకి, ఏసీ నీళ్ళు మొక్కకి. అది మా అలవాటు. కాబట్టి దెర్లిస్ ఏసీ నీళ్ళ గొట్టాన్ని కిందికి వదలకుండా, దాని చివర ఆ సీసా మూతిలో పెట్టి, మా కాళ్ళ దగ్గర తీగతో కట్టేశాడు.

"ఎవరి సీసానో ఏమిటో, కడగకుండా కట్టేస్తున్నావ్" అన్నాను.

"ఎవరిదైతే ఏం లింపియా? అతనికిప్పుడు దాహం వేస్తుందా?"

అందరం నవ్వాం. నేను కూడా.

ఏసీ ఆన్ చేస్తే కేబిన్ అయిదు నిమిషాల్లో చల్లబడింది. గంట నడిపాం. సీసా వంచి చూస్తే ఖాళీ. గొట్టం విప్పి ఊదాడు దెర్లిస్. గాలి ధారాళంగా పోయింది. లోపలి పళ్ళెం వేలితో తడిమాడు. పొడిగా ఉంది... నాకినట్టు పొడిగా.

"చల్లగా ఉందా లేదా? ఇంకేం కావాలి?" అన్నాడు. కానీ ఆ వేలిని చాలాసేపు లాగుకి తుడుచుకుంటూనే ఉన్నాడు.

మంగళవారం మధ్యాహ్నం బయల్దేరాం. మామయ్య నడుపుతున్నాడు, అమ్మ మధ్యలో, నేను కిటికీ వైపు. అమ్మ దుప్పటి కప్పుకుంది. డిసెంబరులో అమ్మ దుప్పటి కప్పుకోవడం చూసి నాకెంత హాయనిపించిందో. తెరెరే కలిపాను, మా చల్లటి ఆకుటీ. కొమ్ము గ్లాసులో ఆకు, మీద చల్లటి నీళ్ళు, అందరికీ ఒకటే వెండి స్ట్రా. పోసేది ఒక్కరే, ఆ రోజు నేను. ఇచ్చేటప్పుడు స్ట్రా తాగేవాళ్ళ వైపు తిప్పి ఇవ్వాలి. చాలనుకున్నవాళ్ళు గ్రాసియాస్, అంటే థాంక్స్, అంటారు. ఇంక నా వంతు వద్దని దానర్థం. అనేదాకా పోస్తూనే ఉండాలి.

మామయ్య రెండు తాగి గ్రాసియాస్ అన్నాడు. అమ్మకి రోజుకి లెక్కగా రెండు గ్లాసుల నీళ్ళే, అందుకని అమ్మ వంతులో లేదు. నాకోసం నిండా పోసి, గ్లాసు ముందు అరలో పెట్టి, నీళ్ళ ఫ్లాస్కు మూత బిగిస్తున్నాను.

స్ట్రా గురగురమంది. గ్లాసు అడుగుకి వచ్చినప్పుడు వచ్చే చప్పుడు.

చూస్తే ఆకు పొడిపొడిగా ఉంది. ఊదితే లేచేలా.

"నువ్వా మామయ్యా?"

"రెండు చేతులూ స్టీరింగ్ మీదున్నాయి, కనబడ్డంలేదూ?"

అమ్మ కళ్ళు మూసుకునే ఉంది. మెల్లగా అంది. "ఇంకొకరున్నారు లింపీ... వాళ్ళకీ పొయ్యవే."

డయాలసిస్‌కి ముందు బరువు చూస్తారు. ఒంట్లో చేరిన నీళ్ళని బట్టి ఎంత తీయాలో లెక్క కడతారు. అమ్మ ఎప్పుడూ మూడు కిలోలు పెరిగి వచ్చేది. ఆ రోజు ఒక గ్రాము కూడా పెరగలేదు.

"పెద్దమ్మా, దొంగతనంగా నీళ్ళు తాగడం మానేశావన్నమాట" అని బ్లాసిదా నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. తేలిగ్గా ఉందంది.

శుక్రవారం, ఉండాల్సినదానికంటే కిలోన్నర తక్కువ. తర్వాతి మంగళవారం మూడు కిలోలు తక్కువ. బ్లాసిదా ఇంక నవ్వలేదు. బీపీ పడిపోతోందని, ఇంకొక్కసారి ఇలా ఎండిపోయి వస్తే మిషన్ పెట్టలేమని, పెట్టకపోతే రక్తంలోని విషం అమ్మని మింగుతుందని డాక్టరు చెప్పాడు. అమ్మ చెయ్యి పట్టుకుంటే ఎండుటాకు చప్పుడు.

"నాది తాగుతున్నారే" అంది అమ్మ ఆ రాత్రి మంచం మీద, ఎవరో చక్కెర అప్పడిగారన్నంత మామూలుగా. "తాగనీ. నాకు ఎక్కువైందే కదా."

"ఇప్పుడు ఎక్కువ లేదమ్మా."

"వాళ్ళకేం తెలుసు పాపం."

ఏసీ ఆపేద్దామన్నాను. "ఆపితే ఎండకి గుండె ఆగుతుంది, ఆపకపోతే ఇది. నువ్వే చెప్పు, ఏం చెయ్యమంటావో అది చేస్తా" అన్నాడు మామయ్య. ఇరవై లీటర్ల నీళ్ళ డబ్బాలు రెండు ఎక్కించాను. అమ్మది వదిలేసి ఇవి తాగుతారని. అదే నా జవాబు.

శుక్రవారం. ఎండకి రోడ్డు తెల్లగా ఉంది. కేబిన్‌లో చలి, తడి కంబళి వాసన, దాని కింద తుప్పు వాసన. పోశాను. గురగుర. పోశాను. గురగుర. గ్లాసు నా చేతిలోనే ఖాళీ అయ్యేది. పదికి లెక్క వదిలేశాను. మామయ్య పక్కకి చూడటంలేదు. ఒక డబ్బా అయిపోయింది. చేతులకి తిమ్మిరెక్కింది, తర్వాత ఆ తిమ్మిరి ఒళ్ళంతా పాకింది. భయం కూడా ఎక్కడో దూరంగా, వేరే ఎవరికో వేస్తున్నట్టుంది.

రెండో డబ్బా సగానికొచ్చింది.

"మీ వంతు అయిపోయింది" అన్నాను గాలితో. "మర్యాద తెలిసినవాళ్ళయితే గ్రాసియాస్ అనండి."

ఎవరూ అనలేదు.

ఫ్యాన్ చప్పుడు... స్ట్రా చప్పుడు...

అమ్మ నా చేతిలోని గ్లాసు తీసుకుంది. రెండేళ్ళలో మొదటిసారి పూర్తిగా ఒక గుటక తాగింది. స్ట్రా ఎదురుగా, ఎవరూ లేని వైపు తిప్పి, గ్లాసు అరలో పెట్టింది.

"గ్రాసియాస్" అంది అమ్మ.

అప్పుడు వినిపించింది. టప్... మా కాళ్ళ దగ్గర. టప్... సీసాలోకి. టప్... టప్... ఏసీ పెట్టిన ఇన్నాళ్ళకి మొదటిసారి గొట్టం కారుతోంది.

అమ్మ తల నా భుజం మీదికి వాలింది. బరువే లేదు. మామయ్య లారీ ఆపలేదు. ఆస్పత్రి గేటు దాకా అలాగే నడిపాడు. అప్పటికి సీసా నిండి పొర్లింది.

అమ్మని పూడ్చిన రోజు నేను ఏడవలేదు. రాతిగుండె అన్నారు ఊళ్ళో. ఏడవడానికి కళ్ళలో నీళ్ళుండాలి కదా. ఇప్పటికీ లేవు.

దెర్లిస్ ఏసీ బెల్టు కోసేశాడు. బ్యాటరీలు పట్టుకుపోయాడు. లారీ మా దారి మలుపులో ఆగి ఉంది. కానీ మిట్టమధ్యాహ్నం దాని అద్దాలకి లోపలి వైపు మంచు పడుతుంది. రోజూ ఒక గ్లాసు తెరెరే కలిపి అరలో పెట్టి, స్ట్రా అవతలి వైపు తిప్పి తలుపు వేస్తాను. మర్నాడు ఆకు పొడిగా ఉంటుంది. మొన్నటిదాకా అంతే.

మొన్న ఆకు తడిగా ఉంది. గ్లాసు నిండా నీళ్ళున్నాయి. స్ట్రా నేను కూర్చునే సీటు వైపు తిరిగి ఉంది.

నేనింకా గ్రాసియాస్ అనలేదు.

కాబట్టి, ఆ మలుపు మీదుగా వెళ్ళేవాళ్ళు ఒక్క పని చెయ్యండి. లారీ మెట్టు మీద ఒక సీసా నీళ్ళు, మూత తీసి పెట్టి వెళ్ళండి. థాంక్స్ చెబుతారేమోనని చూడకండి. కిటికీలోంచి ఆ గ్లాసు కనబడితే, స్ట్రా ఎటు తిరిగిందో చూడకుండానే వెళ్ళిపోండి.