జపాన్‌టౌన్‌లో జంట కప్పులు

త్రివేణి శశికాంత్‌తో అన్న మొదటి మాట, "మీ ఊళ్లో పది నిమిషాలంటే ఎంతసేపండీ?"

శాన్‌ఫ్రాన్సిస్కో జపాన్‌టౌన్‌లో, సన్నటి వానలో, గొడుగు లేకుండా నిలబడి ఉంది. పార్కింగ్ దొరకలేదని చెప్పుకున్నాడు శశికాంత్. నిజానికి అతనికి రావాలనే లేదు. రూమ్మేట్ వినీత్‌కి ఆఫీస్‌లో పనిపడింది. డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్ నుంచి ఊరు చూడ్డానికొచ్చిన కజిన్‌ని కాస్త తిప్పమని అతను బతిమాలితే, శాంటా క్లారా నుంచి డ్రైవ్ చేసుకుంటూ వచ్చాడు.

కాసేపటికే ఆ విసుగంతా పోయింది. ఆమె ప్రతి షాపులోకీ దూరింది. చెక్కబొమ్మల ముఖాలు చూసి, ఇది మా మేనేజర్, ఇది వినీత్‌గాడు అని పేర్లు పెట్టింది. కాగితపు విసనకర్ర చాటు నుంచి నవ్వితే, శశికాంత్ ధర చూస్తున్నట్టు తల తిప్పుకున్నాడు.

చివరి షాపులో ఆమె రెండు మట్టి టీ కప్పులు తీసింది. ఒకటి కాస్త పెద్దది, ఒకటి చిన్నది. కౌంటర్ దగ్గరున్న జపనీస్ ఆవిడ, అవి భార్యాభర్తల కోసం చేసే జంట కప్పులని చెప్పింది. పెళ్లికే తీసుకుంటున్నానని, పగలకుండా ప్యాక్ చేయమని అడిగింది త్రివేణి.

శశికాంత్ కారు దాకా బ్యాగులు మోసి, కంగ్రాట్స్ చెప్పి, పెళ్లెప్పుడని అడిగాడు.

"వచ్చే నెల. మా అమ్మది."

అతను కారు తలుపు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆమె మెల్లగా చెప్పుకొచ్చింది. నాన్న పోయి చాలా ఏళ్లయింది. అమ్మ పద్మ ట్రాయ్‌లో తనతోనే ఉంటోంది. లైబ్రరీలో పరిచయమైన చక్రపాణి అంకుల్‌ని చేసుకుంటానని చెప్పగానే చుట్టాలు ఫోన్లెత్తడం మానేశారు. వాళ్ల నాన్నకి భయపడి వినీత్ కూడా రానన్నాడు.

"మా వైపు ఒక్కరూ ఉండరని అమ్మకి బెంగ," అంది.

శశికాంత్ ఫోన్ తీసి డెట్రాయిట్ ఫ్లైట్లు వెతకడం మొదలుపెట్టాడు.

"డేట్ చెప్పండి, బుక్ చేస్తాను."

"జాలిపడి వస్తారా?"

"కాదు. ఇందాక పెళ్లి మీదనుకున్నాను. కారు దాకా ఎలా నడిచొచ్చానో నాకే తెలీదు. మీది కాదని తెలిశాక ఊపిరాడింది. అందుకు."

త్రివేణి వాన వైపు చూస్తూ డేట్ చెప్పింది.

"బట్టలు ఎక్కువ తెచ్చుకో. అమ్మ నిన్ను వెంటనే పంపదు."

మీరు నుంచి నువ్వుకి ఎప్పుడు దిగిందో ఆమె గమనించలేదు. అతను గమనించాడు.

"అమ్మేనా?" అన్నాడు.

ఆమె కారెక్కి, ఇంటికి ఫోన్ కలిపింది.

"అమ్మా, మన వైపు నుంచి ఒకరు వస్తున్నారు."